ఎ షిఫ్టు బస్సులో రెండో తరగతి పాఠం

నలభై మంది పిల్లలు కూడా లేని ఒక ప్రాథమిక పాఠశాలకు నేను రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు వెళ్ళి వస్తున్నాను. జీతం లేదు, అడగలేదు. ఈ రెండేళ్ళలో పిల్లలకు నా వల్ల ఎంత మేలు జరిగిందో కచ్చితంగా చెప్పలేను. ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు ఆ బడి పాఠాలతో ఎవరికీ తెలియకుండా ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటుంటే, ఆ చదువు మాత్రం నా వల్ల ఆగిపోయింది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నా ఉద్యోగం ప్రభుత్వ రంగ కర్మాగారంలో, టైమ్ ఆఫీసులో. కృష్ణా జిల్లా నుంచి ఇరవై మూడో ఏట ఇక్కడికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. ఎవరు ఎన్నింటికి గేటు దాటారు, ఎవరు ఎన్నింటికి బయటికి పోయారు, ఎవరి హాజరు కార్డు ఎవరు కొట్టారు, ఇదే నా పని. ఒకరి కార్డు మరొకరు కొడితే దాన్ని ప్రాక్సీ అనేవాళ్ళం. ఏడాదికి ఇద్దరినో ముగ్గురినో పట్టుకునేవాణ్ణి. రోజుకో పేజీ చొప్పున డైరీ రాసే అలవాటు అప్పటి నుంచే ఉంది. ఎవరినైనా పట్టుకున్న రోజు పేజీలో అక్షరాలు మిగతా రోజులకంటే కుదురుగా ఉంటాయి.

బడి గుమ్మడిదల దాటాక, మందుల ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక ఊళ్ళో. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. వారిలో పెద్దావిడ మా కాలనీలోనే ఉంటుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగింది.

"అంకుల్, మా బడికి పెద్ద టీవీ పెట్టిన్రు, నెట్ సుత ఇచ్చిన్రు. ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు పొద్దంత కంప్యూటర్ ముందటనే కూసుంటరు గదా, జెర వచ్చి సూస్తరా?"

చూడటానికి వెళ్ళినవాణ్ణి అక్కడే ఉండిపోయాను. టీచరు నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెబుతుంటే, చిన్న తరగతుల పిల్లలను తెర ముందు కూర్చోబెట్టి ఏదో ఒకటి చూపించడం నా వంతు. మొదటి వారం చిక్కుడు గింజ మొలకెత్తే వీడియో పెట్టాను. పది రోజుల ఎదుగుదల అర నిమిషంలో అయిపోతుంది. మర్నాడు బడి వెనక పిల్లలు గింజలు నాటారు. ఆ పైరోజు ఒకడు వాటిని తవ్వి తీసి నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

"తాతా, టీవీల జల్దీ మొలిసింది. గిది మొలుస్తలేదు. గింజలు ఖరాబున్నయి."

ఒకటి, రెండు తరగతులకు ఇంగ్లీషు అక్షరాల ఆట ఒకటి దొరికింది. బొమ్మ మీద వేలు పెడితే దాని పేరు పలుకుతుంది, మొదటి అక్షరం వెలుగుతుంది. అక్షరాలయ్యాక మూడక్షరాల మాటలు, తరవాత చిన్న వాక్యాలు. తప్పు నొక్కితే కోప్పడదు, మళ్ళీ అడుగుతుంది. ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన పనివాళ్ళ పిల్లలకు తెలుగు సరిగా రాదు. వాళ్ళకు కూడా ఇది నచ్చింది. ఫ్యాక్టరీ వాసన గాలికి ఇటు మళ్ళిన రోజున కిటికీలు మూసేసి మధ్యాహ్నమంతా ఆ ఆటే ఆడించేవాళ్ళం.

ఇదే ఆట ఇంట్లో కూడా ఆడితే బాగుంటుందని తల్లిదండ్రుల ఫోన్లకు లింకు పంపాం. అక్కడ చిక్కు వచ్చింది. చాలా ఇళ్ళల్లో నెట్ ఉన్న ఫోను ఒక్కటే. అది తండ్రితో పాటు డ్యూటీకి పోతుంది. మందుల ప్లాంటులోకి ఫోను తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర అప్పగించి టోకెను తీసుకుంటారు. షిఫ్టు అయ్యేదాకా ఆ ఫోను ఎవరికీ పనికిరాదు. షిఫ్టేమో వారం వారం మారుతుంది.

షిఫ్టుల సంగతి నాకు చెప్పాలా? ఎ అంటే పొద్దున ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి రాత్రి పది, సి రాత్రంతా. ఏ పిల్ల తండ్రి ఏ వారం ఎ షిఫ్టు, ఏ వారం బి, ఎప్పుడు సి, ఏ బస్సు ఎక్కడ ఎన్నింటికి ఎక్కుతాడు, ఫోను ఇంట్లో ఉండే గంటలేవి, అంతా అడిగి పెద్ద చార్టు గీసి గోడకు అంటించాను. దాని ప్రకారం లింకులు పంపేవాణ్ణి.

టీచరు దాన్ని చూసి నవ్వింది. "గిది బడి టైంటేబులా అంకుల్, ఫ్యాక్టరీ టైంటేబులా?"

రిటైరయ్యాక నా పనితనం మళ్ళీ ఒకరికి అక్కరకొచ్చిందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఎవరు ఏ పాఠం చేశారో, ఎన్ని సరిగా చేశారో ఆ ఆటే పట్టిక తయారుచేసి చూపిస్తుంది. శనివారం శనివారం ముందున్న వాళ్ళ పేర్లు తెర మీద వేసి, అట్టతో చేసిన కిరీటాలు పెట్టేవాళ్ళం. రెండో తరగతి పిల్ల ఒకతి వరసగా మూడు వారాలు అందరికంటే పైన నిలిచింది. వాగుడుకాయ. పెన్సిలు చివర కొరుకుతూ పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటుంది. నాలుగో వారం దాన్ని తెర దగ్గరికి పిలిచి చేప బొమ్మకు అక్షరం నొక్కమన్నాను. నొక్కలేకపోయింది. పిల్లికీ నొక్కలేదు.

"ఇంట్లో అన్నీ సరిగా చేశావు కదమ్మా?"

"చేసిన."

"మరి ఇప్పుడేమైంది?"

"ఇంట్ల వేరే తాతా, ఇక్కడ వేరే." పిల్లలు నవ్వారు. అదీ నవ్వింది.

ఆ సాయంత్రం పట్టిక మొత్తం కాగితం మీదికి తీసి, పక్కన నా షిఫ్టుల చార్టు నకలు పెట్టుకుని కూర్చున్నాను. పట్టికలో పాఠం చేసిన వేళ కూడా ఉంటుంది. ఒక వారమంతా తెల్లవారుజామున అయిదు దాటాక. మరో వారం మధ్యాహ్నం ఒంటిగంట తరవాత, అంటే ఆ పిల్ల బడిలో నా ఎదుట కూర్చున్న వేళ. ఆ తండ్రి కంపెనీ బస్సు ఎక్కే వేళ, దిగే వేళ వేలు పెట్టి చూసుకున్నాను. నిమిషాలతో సహా కలిశాయి. పాఠాలు చేస్తున్నది తండ్రి. కూతురికి కిరీటం కోసం తండ్రి కార్డు కొడుతున్నాడని నిశ్చయించుకున్నాను.

అదే పట్టికలో ఇంకో అంకె కూడా ఉంది. ఒక్కో పాఠం ఎన్నిసార్లు చేశారన్నది. అతను ఒక పాఠాన్ని పద్నాలుగుసార్లు, మరోదాన్ని పంతొమ్మిదిసార్లు చేశాడు. పేరు పైకి రావాలనుకునేవాడు ఒకసారి చేసి వదిలేస్తాడు గానీ పంతొమ్మిదిసార్లు ఎందుకు చేస్తాడు? ఈ ప్రశ్న నాకు రావాలి. రాలేదు. పంతొమ్మిది అని డైరీలో రాసి, కింద గీత కూడా గీశాను. అంతే.

టీచరుకు చూపించాను. ఆమె కాగితం తిరగేసి చూసి, "పక్కకు పిలిచి అడుగుదాం అంకుల్. ఏం ఉందో ఏమో," అంది. సరే అన్నాను.

ఆ శనివారం తల్లిదండ్రుల మీటింగు. ఎప్పుడూ తల్లులే వస్తారు. ఆ రోజు నలుగురైదుగురు మగవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో ఆ పిల్ల తండ్రి ఉన్నాడు. సి షిఫ్టు దిగి, నిద్రపోకుండా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరైనా ఏమైనా అడగాలా అని టీచరు అంటే, అతనొక్కడే చెయ్యెత్తాడు.

"సార్, ఇంగ్లీషుల ఇంక పై పాఠాలు ఎప్పుడు పెడ్తరు?"

ఎంత ధైర్యం అనుకున్నాను. జేబులో మడిచి పెట్టుకున్న కాగితం తీశాను.

"ఎవరికోసం పెట్టమంటారు? పాపకా, మీకా?"

అతనికి అర్థం కాలేదు. నేను చదవడం మొదలుపెట్టాను. ఏ రోజు, ఏ వేళ, బస్సు ఎక్కడ ఉండి ఉంటుంది, ఆ వేళ పాప ఎక్కడుంది, ఒక్కటీ వదలలేదు. మా ప్లాంటులో దీన్ని ప్రాక్సీ అంటామని కూడా చెప్పాను. టీచరు "అంకుల్" అని ఒకసారి పిలిచింది. విన్నాను, ఆపలేదు.

వెనక కూర్చున్న ఒకతను అందుకున్నాడు. "అన్నా, మల్ల రెండో తరగతిల చేరినవా?"

"కిరీటం నువ్వే పెట్టుకోవాలె గదనే. పోరికెందుకు పెట్టిన్రు?" అన్నాడు ఇంకొకతను.

"గందుకేనా బస్సుల చెవులల్ల వైర్లు పెట్టుకొని గొణుగుతుంటవు? నేను దేవుని పాటలనుకున్న," అన్నాడు అదే బస్సులో పోయే మరొకతను.

అందరూ నవ్వారు. అతను కూడా కొంచెం నవ్వాడు. "తప్పైంది సార్," అని కూర్చున్నాడు. మీటింగు అయ్యేదాకా కూర్చునే ఉన్నాడు.

సోమవారం పొద్దున పిల్లను దింపడానికి తల్లి వచ్చింది. వరండాలో నన్ను చూసి ఆగింది.

"టైములు రాసేటి సారు మీరేనా?"

"నేనేనమ్మా."

"మంచిగ రాసిన్రు. నిమిషం సుత తప్పలేదంట." గొంతులో కోపం లేదు. "మా ఇంటాయన డ్రమ్ములు దించుతడు సార్. ఆయన చేతులు ఎప్పుడన్న సూసిన్రా? తోలు లేస్తది. అన్నం కలుపుకోవాలంటే మంట. తూకం రూముల ఒక మనిషి కావాలన్నరంట. అండ్ల డ్రమ్ము మీద పేరు సదివి బుక్కుల రాయాలె, ఇంగ్లీషుల. నాకొస్తది అని సూపర్‌వైజర్‌కు చెప్పిండు. ఆయన మూడో తరగతిలనే బడి ఇడిసిండు. రెండు నెలలల్ల నేర్సుకుంట అనుకున్నడు."

"నాతో ఒక మాట చెప్పి ఉంటే నేనే నేర్పేవాణ్ణి కదమ్మా."

"ఎట్ల చెప్తడు సార్? నాకే చెప్పలె. మొన్న మీటింగు కాడ్నించి వచ్చినంక చెప్పిండు." చెంగుతో పిల్ల మొహం తుడిచి లోపలికి పంపింది. "ఇగ బస్సుల అందరికి ఎరుకైంది. సూపర్‌వైజర్‌కు సుత ఎరుకైంది. ఏం చేస్తం."

ఆమె మాటలతో పట్టికలోని అంకెలన్నీ నాకు వేరేగా కనిపించసాగాయి. ఇంటికి వెళ్ళి మళ్ళీ తెరిచి చూశాను. అక్షరాలు పూర్తి చేశాడు. మూడక్షరాల మాటలు పూర్తి చేశాడు. చిన్న వాక్యాల మొదటి పాఠం తెరిచి, సగం చేశాడు. అది మీటింగు రోజు పొద్దున, డ్యూటీ దిగి బస్సులో వస్తూ చేసింది. దాని తరవాత ఏమీ లేదు.

ఆ వారం అతనిది బి షిఫ్టు. ఒంటిగంటకు ముందే మెయిన్ రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగే చోటికి వెళ్ళాను. హోటలు పక్కన ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అతను కొంచెం ఎడంగా ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. ముందు నమస్తే పెట్టిందీ అతనే.

నేను క్షమించమన్నాను. పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి సంచిలోంచి తీసి ఇచ్చాను.

"వద్దు సార్."

"ఫోన్లోనే చదువుకుంటానంటే మీ పేరు మీద వేరే ఖాతా తెరిచి పెడతాను. పట్టికలో ఎవరికీ కనిపించకుండా."

"మీకు కనబడ్తది గద సార్."

నేను ఇబ్బంది పడుతున్నానని అతనికి తెలిసింది కాబోలు, "మీదేం లేదు సార్. సూపర్‌వైజర్ తాన నేనే అబద్ధమాడిన," అన్నాడు. బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒకతను చెయ్యి ఊపాడు.

"ఏ రెండో తరగతి, జల్దీ ఎక్కు."

అతను ఎక్కాడు. పుస్తకం నా చేతిలోనే ఉంది.

తూకం గదిలోకి హత్నూర వైపు నుంచి వచ్చిన ఒక ఇంటర్ చదివిన కుర్రవాణ్ణి తీసుకున్నారని కొన్నాళ్ళకు టీచరు చెప్పింది. "నేను పక్కకు పిలుద్దామన్న గదా అంకుల్," అని ఆ రోజు ఒక్కసారి అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. శనివారం పేర్లు వేయడం, కిరీటాలు పెట్టడం ఇద్దరం కలిసి మానేశాం. పట్టికలో వేళలు కనిపించకుండా చేసే వీలుందా అని వెతికాను. ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. అది ఎంచుకున్నాను.

అతను ఇప్పుడు డ్యూటీకి చిన్న మామూలు ఫోను తీసుకుపోతున్నాడట. నెట్ ఉన్నది పాపకు వదిలేశాడు. దాని పేరు మీద ఇప్పుడు వచ్చే మార్కులు దానివే. పదికి మూడు, పదికి నాలుగు. మెల్లగా పెరుగుతున్నాయి. టీచరు దాన్ని మెచ్చుకుంటే నేనూ తలాడిస్తాను.

ఎ షిఫ్టు వారాల్లో అతను రెండింటికి డ్యూటీ దిగి, బడి వదిలే వేళకు పిల్లను తీసుకుపోవడానికి వస్తాడు. మొన్న కొంచెం ముందుగా వచ్చాడు. లోపల రెండో తరగతికి తెర మీద చిన్న వాక్యాల పాఠం నడుస్తోంది. కిటికీ పక్కన వరండాలో నిలబడ్డాడు. అక్కణ్ణుంచి తెర బాగా కనబడుతుంది. రెండు వాక్యాలు పలికేదాకా అటే చూశాడు. పెదవులు కదిలాయో లేదో నాకు సరిగా కనబడలేదు. ఇంకొంచెం బాగా వినబడుతుందని నేను రిమోటు తీసుకుని శబ్దం పెంచాను.

అతను నా వైపు చూశాడు. తరవాత మెట్లు దిగి, గేటు బయటికి పోయి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.