బియ్యం బస్తాలో లెన్సులు

నా కెమెరాలు కొన్నేళ్ళుగా బియ్యం బస్తాలో ప్రయాణం చేస్తున్నాయి. ఎర్రక్షరాలతో సోనామసూరి అని అచ్చేసిన తెల్లటి ప్లాస్టిక్ బస్తా అది. లోపల రెండో కెమెరా, పొడవాటి లెన్సు, ఫ్లాష్‌లు, ఛార్జర్లు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో మా ఆవిడ పాత నేతచీరలు, నా లుంగీలు. మూతి పురికొసతో బిగించి కట్టి, కారు డిక్కీలో ఒక మూలకి పడుకోబెడతాం. ఢిల్లీ, గుర్‌గావ్, నోయిడాలలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో జరిగే పెళ్ళిళ్ళకీ బారసాలలకీ ఫొటోలు తీయడం నా వృత్తి. ఆ బస్తాలో ఉన్నదే నా బతుకుతెరువు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. గోదావరి జిల్లాలో మాది ఒకప్పుడు పెద్ద ఎస్టేటు. అది ఎలా పోయిందో ఇక్కడ చెప్పను. నా వాటాకి వచ్చినవి ఇంటిపేరు, వీపు వాల్చకుండా కూర్చునే అలవాటు, మా తాతగారు వేటకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళిన తోలుపెట్టె. ఆ పెట్టెలో స్పాంజి అమర్చి కెమెరాలు పెట్టుకునేవాణ్ణి. దాన్ని వెనకసీటు మీద ఉంచేవాణ్ణి. దాచాలన్న ఆలోచనే ఉండేది కాదు.

ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర ఒక మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఒకతను నా వైపు అద్దం మీద టకటకా కొట్టి, "సర్, తేల్ గిర్ రహా హై" అంటూ ఇంజను కింద చూపించాడు. అద్దం దించి వంగి చూశాను. అంతసేపట్లోనే రెండోవాడు అవతలి వెనకతలుపు తీసి పెట్టెతో సహా వాహనాల మధ్యలోకి వెళ్ళిపోయాడు. నూనె కారడం అబద్ధం. పోలీస్ స్టేషన్‌లో అధికారి అంతా విని, అంత మంచి పెట్టెని అందరికీ కనబడేలా సీటు మీద ఎందుకు పెట్టారని అడిగాడు. మా ఇంట్లో వస్తువుల మీద గుడ్డ కప్పే అలవాటు లేదని చెప్పాలనిపించింది. నా హిందీకి అంత శక్తి లేదు.

అప్పులాంటి మాటలు ఎత్తకుండా, మా ఆవిడ తన గాజులు తీసి బల్ల మీద పెట్టింది. కొత్త సామాను అలా వచ్చింది. బస్తా ఆలోచన కూడా ఆవిడదే. దొంగ చూసినా చెయ్యి చాపబుద్ధి కానిదాంట్లో పెట్టాలి అంది. నేను మొహం చిట్లించాను. ఆవిడ నవ్వలేదు.

"ఢిల్లీ దొంగకి సోనామసూరి ఎందుకండీ? వాడు రొట్టెలు తినేవాడు. పాతిక కిలోలు మోసుకుని పరిగెత్తుతాడా?"

ఒప్పుకున్నాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. ఎవరి గుమ్మంలోనూ నేను ఆ బస్తా విప్పను. అది మా పద్ధతికి కూడా కలిసొచ్చింది. వెళ్ళాల్సిన చోటికి ఒక మలుపు ముందే కారు ఆపి, కావలసినవి భుజాన వేసుకునే సంచిలోకి మార్చుకుంటాం. పెళ్ళిమండపం దగ్గర డిక్కీ తెరిచి మూస్తే, అందులో ఏముందో చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. కారుని వెనక్కి నడిపి డిక్కీ గోడకి ఆనేలా పెడతాను. ఇక దాన్ని తెరవడం ఎవరి తరమూ కాదు.

ఇన్ని జాగ్రత్తలూ బయటివాళ్ళ కోసం. మనవాళ్ళ కోసం ఒక్కటీ లేదు.

ఆ ఏడు శ్రీరామనవమి నాడు తెల్లవారుజామున గుర్‌గావ్‌లో ఒక పెళ్ళి ఉంది. జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ తీసి, కెమెరా మెమరీ కార్డులని చిన్న స్టీలు డబ్బాలో వేసి బస్తాలోకి దోపాను. ఇంటికి వెళ్ళి కంప్యూటర్‌లోకి ఎక్కించేవరకు ఆ ఫొటోలకి ఇంకో కాపీ లేదు. జేబులో పెట్టుకోవచ్చు కదా అంటారు. జనంలో వంగుతూ లేస్తూ పనిచేసేవాడి జేబు ఎంత భద్రమో నాకు తెలుసు. అక్కడినుంచి తిన్నగా వసంత్ కుంజ్ వెళ్ళాం. అక్కడ పార్కులో షామియానా వేసి తెలుగువాళ్ళు ఏటా సీతారామ కల్యాణం, అన్నదానం చేస్తారు. ఆ ఫొటోలు తీయమని కమిటీవారు మొదటిసారి నన్ను పిలిచారు.

మలుపు దగ్గర ఒక కెమెరా, ఒక ఫ్లాష్ తీసుకుని బస్తా మళ్ళీ కట్టేశాను. గేటు దగ్గర పట్టుపంచె మీద బ్యాడ్జీ పెట్టుకున్న ఒక కార్యకర్త ఎదురొచ్చాడు. మిగతా రోజుల్లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరట. లోపల చోటు ఇరుకుగా ఉందని, తాళం ఇచ్చేస్తే తానే కారు పెట్టిస్తానని అన్నాడు. ఇక్కడ ఉన్నదంతా మనవాళ్ళే అని కూడా అన్నాడు. మా ఆవిడ "డిక్కీ..." అని ఏదో అనబోయింది. నేను ఆవిడ వైపు చూశాను. తెలుగువాడి ఎదుట, దేవుడి పందిరి ముందు, ఇలాంటి అనుమానమా? తాళం అతని చేతిలో పెట్టాను.

కల్యాణం బాగా జరిగింది. మంగళసూత్రధారణ అయ్యాక ఫ్లాష్‌లో బ్యాటరీలు అయిపోవచ్చాయి. కార్యకర్త దగ్గర తాళం అడిగి తీసుకుని, బ్యాటరీల కోసం మా ఆవిడ కారు దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఏమీ లేదు.

"బస్తా లేదండీ," అంది చాలా నెమ్మదిగా.

నేను వెళ్ళి చూశాను. అద్దాలు పగలలేదు. తాళం చెడలేదు. డిక్కీలో స్టెప్నీ మీద పరిచిన గోనెపట్టా తప్ప ఇంకేమీ లేదు. వెంటనే నా మనసులోకి వచ్చింది ఆ పట్టుపంచె మనిషే. నేను అతని వైపు నడుస్తున్నాను కానీ, ఏమని అడగాలో తెలియలేదు. పొద్దున పెళ్ళి చేసుకున్న ఆ అమ్మాయి నాన్నకి ఏమని చెప్పాలో అంతకన్నా తెలియలేదు. ఆయన్ని ఇంకోసారి కన్నీళ్ళు పెట్టుకోమని అడగలేను కదా.

అడిగింది మా ఆవిడే. అన్నయ్యగారూ అని పిలిచి, మా డిక్కీలో ఒక బస్తా ఉండాలే అంది. అతని మొహం విప్పారింది. బియ్యమేనా, అది స్టోర్‌లో పెట్టించేశామమ్మా అన్నాడు. అప్పుడు మాకు తెలిసింది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ప్రతి ఇంటివాళ్ళూ అన్నదానానికి ఒక బస్తా బియ్యం తెస్తారట. పెద్దవాళ్ళు మోయలేరని కార్యకర్తలే తాళాలు తీసుకుని డిక్కీల్లోంచి దించుతారట. కొత్తవాళ్ళం కాబట్టి మాకు ఎవరూ చెప్పలేదు. అతను దొంగ కాదు. పైగా మాకు పుణ్యం పంచిపెట్టినవాడు.

వంటపందిరి వెనక గుడారంలో బియ్యం రాశి ఉంది. బస్తాలన్నీ ఇంచుమించు ఒకే రకం, ఒకే ఎర్రక్షరాలు. మాది అడుగు వరుసలో ఉంది. పురికొస ముడి చూసి గుర్తుపట్టాను. అప్పుడే ఎవరో వ్యాపారి పంపిన టెంపో వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు దాంట్లోంచి బస్తాలు ఎత్తి రాశి మీదకి విసురుతున్నారు. ఒక్కొక్కటి పడుతుంటే నేల అదిరింది.

ఆపమని అరవబోతుండగా కమిటీ పెద్దాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. మా జిల్లావారు. కేంద్రప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు.

"బాబుగారూ, మీరు ఫలానావారి మనవలని నాకు ఇవాళే తెలిసింది. మా నాన్న మీ దివాణంలోనే భోజనం చేసి చదువుకున్నాడు. ఫొటోలు తీయడానికి పిలిస్తే బియ్యం కూడా పట్టుకొచ్చారా! ఆ రక్తం ఊరుకుంటుందా? మైకులో చెప్పించాను."

నిజంగానే చెబుతున్నారు. షామియానా అవతలనుంచి మా ఇంటిపేరు, మా తాతగారి పేరు, ఆ వంశంవారు నేటి అన్నదానానికి బియ్యం సమర్పించారన్న మాట వినబడ్డాయి. ఢిల్లీలో ఆ పేరు బిగ్గరగా పలకగా నేను ఎప్పుడూ వినలేదు. కరెంటు బిల్లు మీద చూశాను, అంతే. ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. ఇంకో బస్తా వచ్చి పడింది. మరొకటి.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "కార్డులండీ," అంది.

కానీ మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. దేవుడి సొమ్ములో కలిసినదాని మీద మేము మళ్ళీ చెయ్యి వేయం. ఈ రాశిలోంచి ఒక బస్తా లాగడం, అదీ ఈయన చూస్తుండగా. అయినా, "అందులో బియ్యం లేవండీ. నా కెమెరాలున్నాయి," అన్నాను.

ఆయన నవ్వారు. గుప్తదానం చేద్దామనుకున్నారా, నేను బయటపెట్టేశాను, క్షమించండి అన్నారు. రెండోసారి చెప్పినా అదే నవ్వు. ఇక మాటలతో పని కాదని టెంపో వాళ్ళని ఆపి, పై వరుస బస్తాలు నేనే లాగడం మొదలుపెట్టాను. ఇస్త్రీచొక్కా భుజం దాకా తెల్లగా పిండి పట్టింది. కార్యకర్త కంగారుగా వచ్చి చెయ్యి వేశాడు. అడుగున ఉన్నది బయటికి రాగానే అక్కడే ముడి విప్పాను. ముందు లుంగీ వచ్చింది. తరవాత చీర. తరవాత ఫ్లాష్.

పక్కనే పీటలు వేసుకుని కూరలు తరుగుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ కత్తిపీట మీదనుంచి తల ఎత్తి, "మంచి రకమే తెచ్చావు నాయనా. ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతాయేం?" అంది. అందరూ నవ్వారు. నేను డబ్బా కోసం వెతుకుతున్నాను.

డబ్బా సొట్టపోయింది. మూత రాకపోతే మా ఆవిడ నేలకేసి కొట్టి తీసింది. కార్డులు చెక్కుచెదరలేదు. పొడవాటి లెన్సు మాత్రం తిప్పితే తిరగలేదు. ఆవిడ ఆ కార్డులు తీసి బొడ్లో దోపుకుని, కొంగు బిగించుకుంది.

నవ్వులు తగ్గాక పెద్దాయన నన్ను పక్కకి తీసుకువెళ్ళారు. ఆయన మొహంలో నాకన్నా ఎక్కువ ఇబ్బంది కనిపించింది.

"పోనీండి. మైకులో అన్నది అన్నట్టే ఉండనీయండి. మీ పేరున ఒక బస్తా నేను వేయిస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

మంచికే అన్నారు. వాళ్ళ నాన్న తిన్న అన్నం రుణం తీర్చుకునే అవకాశం ఆయనకి దొరికింది. కానీ మా పేరున మరొకరు బియ్యం పోయడం మా ఇంట్లో జరగలేదు. ఏమీ లేని రోజున కూడా జరగలేదు. పేరు తీసేయించండి అన్నాను. చెప్పించిన నోటితోనే కాదనమని ఎలా అంటాను బాబుగారూ అన్నారాయన. పెద్దాయన మర్యాద కోసం అంటున్నారు, ఊరుకోండి అంది వెనకే వచ్చిన మా ఆవిడ. ఆవిడ అన్నదీ నిజమే. అక్కడ సగం మంది ఇళ్ళల్లో వచ్చే పెళ్ళిళ్ళే మాకు రేపటి పని.

నేను పందిట్లోకి వెళ్ళి, వేదిక పక్కన ఉన్నతని దగ్గర మైకు అడిగి తీసుకున్నాను. మా కుటుంబం బియ్యం ఇచ్చినట్టు చెప్పారు, అది పొరపాటు, ఆ బస్తాలో ఉన్నవి నా కెమెరాలు, నేను ఫొటోలు తీయడానికి వచ్చిన మనిషిని అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. గొంతు మామూలుగానే ఉంది. తరవాత నాదస్వరం అందుకున్నారు. ముందువరుసలో పెద్దాయన కండువా మడత విప్పి, మళ్ళీ అదే మడత వేసుకుంటున్నారు.

తరవాతి ఏడు ఆ కమిటీ మమ్మల్ని పిలవలేదు. మా ఆవిడ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే తేలికగా ఉండేది.

ఆ రోజు సాయంత్రం వైశాలిలోని మా ఇంటికి వచ్చి కార్డులు ఎక్కించాం. అమ్మాయి పెళ్ళి మొత్తం ఉంది. తరవాత, నేను మైకులో ఆ మాట అన్నాక తీసిన అన్నదానం ఫొటోలు తెరిచాను. మనుషులు భోజనంలో మునిగిపోయినప్పుడు తీస్తేనే పంక్తి ఫొటో బాగుంటుంది, ఎవరూ కెమెరా వైపు చూడకూడదు. ఆ రోజు తీసినవాటిలో ప్రతి విస్తరి ముందూ చెయ్యి ఆగిపోయి ఉంది, ప్రతి తలా నా వైపే ఎత్తి ఉంది. తల దించుకుని తింటున్నది ఆ పెద్దాయన ఒక్కరే. ఒక్కటీ తీసేయకుండా అన్నీ కమిటీకి పంపాను.