మెడ కోసం చెరిపిన గీత

యుద్ధం రోజులవి. ధర్మవరంలో మా అత్తవారింట మగ్గం చాలాకాలం ఊరికే పడి ఉంది. ఎట్టకేలకు పట్టునూలు దొరికి, నిలువు పోగులు సాగదీసి కొత్త పడుగు ఎక్కించబోతున్నారు. ఇంటిల్లిపాదీ దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాం.

బావగారి కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. మా వీధి ఆడపిల్లల్లో బడికి పోయేది అదొక్కతే. అదీ వాళ్ల నాయన మొండిగా నిలబడితే. మా అత్తకు ఇష్టం లేదు. సాకు దొరికితే చాలు, మాన్పించాలని చూసేది.

ఒకనాడు పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. మనుషులు పుట్టకముందు భూమ్మీద తిరిగిన పెద్ద పెద్ద జంతువుల గురించి అయ్యవారు చెప్పి, పుస్తకంలో బొమ్మ చూపించి, గీయమన్నాడట.

"నాది ఊరపంది మాదిరి ఉండాదంట చిన్నమ్మా. అందురూ నవ్విరి."

నేను హిందూపురంలో రెండో తరగతితో బడి మానినదాన్ని. ఆ జంతువును నేనూ ఎన్నడూ చూడలేదు. కానీ ముగ్గులు వచ్చు. ఎంత పెద్ద ముగ్గైనా చిన్న చిన్న గీతలే కదా అనుకుని, పిల్లను వెనక వాకిట్లో కూర్చోబెట్టి, చేతికి ముగ్గుపిండి ఇచ్చాను.

"ముందు కోడిగుడ్డు గీయి, అడ్డంగా. అది కడుపు. ఆడ పైన చిన్న గుడ్డు, తల. రెంటినీ కలుపు, మెడ. కింద నాలుగు రోకళ్లు నిలబెట్టు. ఎనక ముల్లంగి గడ్డ పెట్టు, తోక."

కళ్లు తుడుచుకుని గీసింది. పుట్టింటి నుంచి రైల్లో వచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర కొండ ఎలా పడుకుని కనిపిస్తుందో చెప్తే, వీపు అలాగే వంచింది. కానీ మెడ మొదట్లో గుడ్డు గీత అడ్డంగా మిగిలి, తల వేరే కడుపు వేరే అన్నట్టుంది.

"ఆ గీత చెరిపెయ్. కడుపులోనుంచి మెడ బయటికి రావల్ల గదా."

చెరిపింది. జంతువుకు ప్రాణం వచ్చింది. పక్కింటి పిల్లలూ చేరారు. కొన్నాళ్లు మా వాకిలంతా గుడ్లూ రోకళ్లే.

పడుగెక్కించే రోజు పొద్దున, మగ్గం ముందు ముగ్గు పని పిల్లకు అప్పజెప్పి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అది తనకు బాగా వచ్చిన ఆ జంతువునే వేసింది. అత్త కేక విని పరుగెత్తాను.

"ఏమ్మే, ఇదేం ముగ్గే? మగ్గం ముందర ఇట్ల తెరిసి పెడ్తారా?"

"తెరిసింది కాదవ్వా, మెడ."

"మెడంట, మెడ! పోగు తెగితే నీ మెడ ముడేస్తావా?"

మా ఇంట మగ్గం ముందు వేసే ముగ్గు గీత ఎక్కడా విడిపోకూడదు. విడిపోతే పోగు నిలవదని నమ్మకం. "పిండే కదా అత్తా, కలిపేస్తా" అని వంగి, మెడ మొదట్లో చెరిపిన గీతను పిండితో కలిపాను. అత్త అటు చూడనైనా లేదు.

యుద్ధకాలపు నూలు అది, ముట్టుకుంటే తెగేది. మొదటి పోగు తెగినప్పుడు అత్త పిల్లవైపు చూసింది. తర్వాత అందరూ చూడసాగారు. "నూలే మంచిది కాదు" అంటూ ముడి వేసుకునే బావ కూడా, ముడి వేసి, పిల్లవైపే చూసేవాడు.

చివరికి ఆయనే అన్నాడు. "ఈ పడుగు దిగేదాకా బడి వద్దులేమ్మా. కండెలకు నూలు చుట్టు."

"దిగినంక పోతా గదా నాయనా?"

"పోదువులే."

నేత పూర్తయి పడుగు దిగింది. అప్పటికి కండెలు చుట్టడంలో పిల్ల చెయ్యి తిరిగింది. ఇంకో పడుగు దిగనీ అన్నారు. పలక అటకెక్కింది.

ఆ రెండో పడుగు ఎక్కించే రోజు మళ్లీ పిల్లే ముగ్గు వేసింది. చుక్కలు పెట్టి, గీతలన్నీ కలిపి, ఎక్కడా సందు లేకుండా.

"ముగ్గంటే ఇదే" అని అత్త దాని తల నిమిరింది.

నేను వంగి చూశాను. ఆ గీతల్లో ఎక్కడైనా ఓ గుడ్డు, ఓ మెడ మొదలు దొరుకుతుందేమోనని.

"ఏం ఎతుకుతాండావు చిన్నమ్మా?"

"ఏం లేదులే" అన్నాను.

పిల్ల చేతికంటిన పిండి పావడాకు తుడుచుకుని, కండెల బుట్ట దగ్గరికి పోయి కూర్చుంది.