పన్నెండో మనిషి

ఆర్లీన్ హావర్‌క్యాంప్ ఫోన్ ఎత్తితే తన పేరు చెప్పదు, అవతలివాళ్ళ పేరు అడుగుతుంది. చెప్పినా నమ్మదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఇరవై ఏడేళ్ళు స్కూలు వంటగదిలో గరిటె తిప్పి, పిల్లలు చెప్పే సాకులన్నీ విన్నది. కడుపునొప్పి అన్నవాడికి నొప్పే ఉందో, బఠాణీలు తప్పించుకోవాలని ఉందో ముఖం చూసి చెప్పేసేది. ఉద్యోగం నుంచి రిటైరైంది గానీ అనుమానం నుంచి కాలేదు.

అందుకే ఏప్రిల్‌లో ఓ మంగళవారం అయోవా రాజధాని డిమోయిన్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, పాత రికార్డుల భవనంలో పనిచేస్తానని, పేరు మార్గిట్ లిండ్‌హోమ్ అని, సెనేటర్ వాల్డ్రన్ అయోవా ప్రచారం తాలూకు కాగితాలు అరవై రెండు పెట్టెలు వచ్చాయని చెబుతుంటే, ఆర్లీన్ మధ్యలోనే అందుకుంది.

"బ్యాంకు నంబరు ఎప్పుడడుగుతావమ్మా, ఇప్పుడా, చివర్లోనా?"

ఆ పిల్ల నవ్వింది. దొంగలు కూడా నవ్వుతారు కదా అనుకుని ఆర్లీన్ ఫోన్ పెట్టేసింది. మూడోసారి చేసినప్పుడు గానీ విషయం పూర్తిగా వినలేదు. వాల్డ్రన్ అధ్యక్ష పదవికి నిలబడి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆ చలికాలమంతా అయోవాలో ఊరూరా తిరిగాడు, ఓడాడు. ఇక్కడ ఆయన ప్రచారం నడిపించిన పెద్దమనిషి మొన్న పోతే, భార్య గరాజ్ ఖాళీ చేయించి పెట్టెలన్నీ రికార్డుల భవనానికి పంపింది. వాటిలో ఇంటికో కార్డు ఉంది. ఆర్లీన్ ఉండే క్లియర్‌ఫోర్క్ టౌన్‌షిప్ కార్డుల అడుగున ఏ.హెచ్. అని సంతకం ఉంది. కార్డుల మీద ఇరుగుపొరుగు గురించి ఏవేవో రాసి ఉన్నాయి. వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. జనానికి చూపించవచ్చా లేదా, రాసినావిడ ఒకసారి వచ్చి చూసి చెబితే బాగుంటుంది.

"నువ్వు చదివావా?"

"చదవాలండీ. మా పనే అది."

ఆర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం రాసిందో ఆమెకు బాగానే గుర్తు. "మగడు సాయంత్రమైతే మాట్లాడే స్థితిలో ఉండడు, పొద్దున్నే వెళ్ళాలి." "ముసలావిడ ఎటంటే కొడుకులు అటే. ముసలావిడకి తియ్యటి పై రొట్టె కాల్చి తీసుకెళ్ళాలి." రేపు వీటిని ఎవడో పుస్తకంలో వేస్తే చర్చిలో కాఫీ దగ్గర ఆమె పక్కన ఎవరు నిలబడతారు? ముప్పై ఏళ్ళు ఊరుకుని ఇప్పుడే ఎందుకు తవ్వుతున్నారు? ఎవరో వెనకుండి తవ్విస్తున్నారు. ఎవరై ఉంటారు అనుకోగానే ఆమె కళ్ళు కిటికీలోంచి రోడ్డుకి అవతలి ఇంటి మీదికి పోయాయి. వెర్నా టాడెన్ ఇల్లు అది.

రెండిళ్ళ ఉత్తరాల డబ్బాలూ ఒకే గుంజ మీద పక్కపక్కన ఉంటాయి. ఆర్లీన్ పదకొండింటికి వెళ్ళి తీసుకుంటుంది. వెర్నా ఒంటిగంటకి వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ వేళలు తప్పలేదు. ఆర్లీన్ మొగుడు లెరాయ్ పోయినప్పుడు వెర్నా హామ్ మాంసం వండి వేరేవాళ్ళ చేత పంపింది. వెర్నా మొగుడు జెరాల్డ్ పోయినప్పుడు ఆర్లీన్ చర్చిలో వెనక వరసలో కూర్చుని పాట కాగానే లేచి వచ్చేసింది. అంతకుముందు పదహారేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే మిషన్ మీద కర్టెన్లు కుట్టుకున్నవాళ్ళు, ఒకరి పిల్లలకు మరొకరు జ్వరం మందు పోసినవాళ్ళు.

చెడింది కాకస్ రోజున, అంటే పార్టీవాళ్ళు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే సభ రోజున. మా వైపు పెట్టెలో చీటీ వేసి ఇంటికి పోవడం కాదు. ఫిబ్రవరి చలిలో, సోమవారం సాయంత్రం, స్కూలు భోజనాల హాల్లో అందరి ఎదురుగా ఎవరి అభ్యర్థి మూలలో వాళ్ళు నిలబడాలి. వచ్చినవాళ్ళలో నూటికి పదిహేను మంది లేని మూల లెక్కలోకి రాదు, అక్కడున్నవాళ్ళు చెదిరి వేరే మూలలకు పోవాలి. నిన్నటిదాకా అరువు గుడ్లు తెచ్చుకున్న ఇంటివాళ్ళు నీ ముందే అవతలి మూలకు నడుస్తుంటే చూస్తూ నిలబడాలి. అందుకే కాకస్ ముందు నెలరోజులు మా ఊళ్ళలో ఎవరి మాటా ఎవరూ పూర్తిగా నమ్మరు.

ఆ ఏడు వాల్డ్రన్ తరఫున క్లియర్‌ఫోర్క్ బాధ్యత ఆర్లీన్‌ది. సెనేటర్ స్వయంగా ఆమె వంటింట్లో కూర్చుని మీగడ, ఎండుద్రాక్ష వేసి కాల్చిన పై రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. ఇంటింటికీ వెళ్ళి ప్రతి కార్డు మీదా ఒక అంకె వేసింది. ఒకటి అంటే మన మనిషి, ఐదు అంటే అవతలి మనిషి, మధ్యవన్నీ ఆ మధ్య ఊగేవాళ్ళు. ఒకట్లకీ రెళ్ళకీ కాకస్ రోజున ఫోన్ చేయాలి, కారు లేకపోతే పంపాలి. నాలుగులకీ ఐదులకీ ఆ రోజును గుర్తు కూడా చేయకూడదు, వాళ్ళు ఇంట్లో కూర్చుంటే అదే పదివేలు. తెల్ల కార్డు ఆమె దగ్గర ఉంటుంది, దాని కింద కార్బన్ పెట్టి తీసిన గులాబీ నకలు ప్రతి శుక్రవారం కవర్లో జిల్లా ఆఫీసుకు పోతుంది. ఫోన్లు చేసేదీ కార్లు పంపేదీ ఆ గులాబీ కాగితాలు చూసే.

ఆ సాయంత్రం హాల్లో డెబ్బై ఎనిమిది మంది తేలారు. మూల నిలబడాలంటే పన్నెండు మంది కావాలి. ఆర్లీన్ మూలలో పదకొండు మంది ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టింది, పదకొండే. పన్నెండో మనిషి వెర్నా. తెల్ల కార్డు మీద ఒకటి. మంచు మీద కారు నడపలేదని, జెరాల్డ్ ఈనబోయే ఆవు దగ్గర ఉంటాడని, కారు పంపమని ముందే చెప్పిన మనిషి. అరగంట గడువిచ్చారు. ఆర్లీన్ తలుపు వైపు చూస్తూనే ఉంది. గడువయ్యాక పదకొండు మందిలో ఎనిమిది మంది వాల్డ్రన్‌కు పోటీగా నిలబడ్డ గవర్నర్ మూలకు పోయారు, ఇద్దరు ఇంటికి పోయారు. ఆర్లీన్ ఒక్కతే పాల ఫ్రిజ్ పక్కన నిలబడింది. పాతికేళ్ళ కుర్రాడి నుంచి పాస్టర్ దాకా అందరూ చూశారు.

మర్నాడు పొద్దున్నే వెర్నా వచ్చింది. కోటు వేసుకుని తొమ్మిదింటి దాకా కూర్చున్నానని, కారు రాలేదని చెప్పింది. ఆర్లీన్ జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. లిస్టులో ఉన్న ప్రతి మనిషినీ తీసుకొచ్చాం, ఒక్కరినీ వదల్లేదు అన్నారు వాళ్ళు. అంతే, అనుమానం మర్రి ఊడలా దిగింది. రెండు వారాల ముందు గవర్నర్ మనిషి నీలం కారు వెర్నా వాకిట్లో గంటన్నర ఆగి ఉండటం గుర్తొచ్చింది. ఓహో, అదన్నమాట అనుకుంది. వెర్నా ముఖం మీదే తలుపు వేసింది.

ఇప్పుడు ఆ పెట్టెల్లో రుజువు ఉంటుంది. వెర్నా గవర్నర్ వాళ్ళతో మాట్లాడినట్టు ఏదో ఒక కాగితం ముక్క. దొరికితే, ముప్పై ఒక్క ఏళ్ళు తాను మూర్ఖంగా ఉండలేదని కనీసం తనకైనా తెలుస్తుంది. ఆ ఆశతోనే ఆర్లీన్ గురువారం పొద్దున్నే కారు తీసింది.

రికార్డుల భవనంలో చేతిసంచీ లాకర్లో పెట్టమన్నారు. పెన్ను తీసేసుకుని పెన్సిల్ ఇచ్చారు. మార్గిట్ ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతికి ఉంగరాల్లేవు, చూపు మాత్రం ఇటే ఉంది.

"ఏం, దొంగనా నేను?" అంది ఆర్లీన్.

"అందరినీ ఇలాగే చూస్తామండీ. మా డైరెక్టర్ వచ్చినా సరే," అంది ఆ పిల్ల నొచ్చుకోకుండా.

పెట్టె నలభై నాలుగు. గులాబీ కార్డులు రబ్బరు బ్యాండు ఎండి విరిగిపోయి విడివిడిగా ఉన్నాయి. ఆర్లీన్ ఒక్కొక్కటే తీసింది. సగం మంది పోయినవాళ్ళే. తన రాత తానే చదువుకుంటుంటే చెవులు వేడెక్కాయి. ఊరందరి గుట్లూ ఇంత నిర్భయంగా రాసిందా తను? ఇరవై మూడో కార్డు టాడెన్, వెర్నా. అంకె నాలుగు.

తప్పు చదివాననుకుని కళ్ళజోడు తుడుచుకుంది. నాలుగే. దాని కింద తన చేతిరాతే. "గవర్నర్ మనిషి కారు గంటన్నర ఆగింది. పైకొకటి, లోపలొకటి. తీసుకురావద్దు. ఏ.హెచ్."

అప్పుడు గుర్తొచ్చింది. బుధవారం ఆ నీలం కారు చూసి కడుపు మండి ఆ రాత్రే రాసింది. శుక్రవారం కవర్లో పోయింది. ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర జెరాల్డ్ అందరికీ చెప్పి నవ్వించాడు, గవర్నర్ తరఫున తిరిగే పిల్లాడు కారును మా వాకిట్లో గుంటలో దించాడు, ట్రాక్టర్ కట్టి లాగేసరికి గంటన్నర పట్టింది, వెర్నా వాడికి హామ్ పెట్టి పంపింది అని. ఆర్లీన్ సిగ్గుపడి ఇంటికొచ్చి తెల్ల కార్డు మీద నాలుగు చెరిపి ఒకటి వేసింది. మార్పు ఉంటే కొత్త కార్డు రాసి కొత్త నకలు పంపాలి. అది నియమం. రబ్బరుతో చెరిపితే తన దగ్గరున్న కార్డు మారింది గానీ, ఆఫీసులో ఉన్నది ఎలా మారుతుంది? తాను చెరిపింది కాబట్టి లోకమంతా చెరిగిపోయిందనుకుంది. కాకస్ మర్నాడు కోపంలో మాత్రం నీలం కారే గుర్తొచ్చింది, జెరాల్డ్ చెప్పింది గుర్తు రాలేదు.

అదే ఫోల్డర్లో కాకస్ రోజు ఫోన్ల పట్టీ కూడా ఉంది. ఎవరో కుర్రవాళ్ళు గబగబా రాసింది. "5.40. వెర్నా టి. తానే చేసింది, కారు ఎప్పుడని. 4 కాబట్టి పంపలేదు. బయల్దేరిందని చెప్పాం." దాని కింద, "6.25. మళ్ళీ చేసింది. వస్తోందని చెప్పాం."

ఆర్లీన్ పట్టీని గులాబీ కార్డు పక్కన పెట్టింది. వాళ్ళు అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చోబెట్టారు, మర్నాడు తనతో నిజమే చెప్పారు. లిస్టులో ఉన్నవాళ్ళను ఒక్కరినీ వదల్లేదు. వెర్నాను లిస్టులోంచి తీసేసింది తానే. మోసం ఎక్కడుందో ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్డుకి అవతల వెతికింది, అది ఇవతలే ఉంది.

ఆమె చేయి తనంతట తానే కదిలి గులాబీ కార్డును స్వెట్టర్ చేతి లోపలికి తోసింది. ఎవరికి కావాలి ఇది? తలెత్తి చూస్తే మార్గిట్ కంప్యూటర్ వైపు చూస్తోంది. చూసిందా, చూడలేదా?

"అది చాలా పల్చటి కాగితం అండీ," అంది మార్గిట్ కళ్ళు తిప్పకుండానే. "చెమటకి కార్బన్ అంటుకుంటుంది. చదవడానికి రాదు మళ్ళీ."

ఆర్లీన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. జీవితంలో ఎంతమంది పిల్లల జేబుల్లోంచి బిస్కట్లు బయటికి తీయించిందో, వాళ్ళ ముఖాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ పిల్ల ఎవరినీ పిలవలేదు. ఇందాకటి నుంచి ఆమెలో దొంగను వెతికిన ఆర్లీన్‌కు అది ఇంకా బరువనిపించింది.

ఆర్లీన్ తన నిర్ణయం చెప్పింది. క్లియర్‌ఫోర్క్ కార్డులన్నీ తాను పోయాక తెరవాలి. ఈ ఒక్కదాన్ని మాత్రం ఇవాళే తెరవాలి. దీనికీ ఫోన్ల పట్టీకీ కాపీలు కావాలి.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా వెర్నా వాకిట్లో కారు ఆపింది. ఆ వాకిట్లోకి ఆమె కారు మళ్ళి ముప్పై ఒక్క ఏళ్ళయింది. వెర్నా తలుపు సగమే తీసింది. పూర్తిగా తీయడానికి కారణమేమీ లేదు.

"చర్చికి చందానా?" అంది వెర్నా. "పాస్టర్‌కి ఇచ్చేశాను."

"అందుకు కాదే," అని ఆర్లీన్ కాగితాలు అందించింది.

వెర్నా కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళి, వచ్చి, గుమ్మంలోనే నిలబడి చదివింది. మొదటిది రెండుసార్లు చదివింది.

"నాలుగు అంటే ఏంటి?"

"మన మనిషి కాదు అని."

"ఇది నీ రాతే."

"నాదే. ఆదివారం జెరాల్డ్ చెప్పాక నా దగ్గరున్న దాంట్లో మార్చాను. వాళ్ళకి పంపడం మర్చిపోయాను. నువ్వు చెప్పింది నిజం. కారు రాలేదు. రాకుండా చేసింది నేను."

వెర్నా రెండో కాగితం చూసింది. ఐదూ నలభై అన్నచోట వేలు పెట్టి ఆగింది. ఏడుస్తుందేమో అని ఆర్లీన్ భయపడింది. తిట్టినా బాగుండుననిపించింది. వెర్నా రెండూ చేయలేదు.

"ఆ రాత్రే అన్నాను నేను," అంది మెల్లగా. "ఆర్లీన్ నీలం కారు చూసి ఉంటుంది, దానికి అనుమానం వచ్చి ఉంటుంది, కావాలనే వదిలేసింది అని. జెరాల్డ్ నా మీద లేచాడు. ఆర్లీన్ అలాంటిది కాదే, ఆఫీసువాళ్ళ తప్పయి ఉంటుంది అన్నాడు. పోయేదాకా అదే మాట. ఆసుపత్రిలో కూడా అన్నాడు, నేను పోయాక నువ్వే వెళ్ళి మాట్లాడు, అది అలాంటిది కాదు అని."

ఆర్లీన్‌కు జెరాల్డ్ అంత్యక్రియల రోజు తాను కూర్చున్న వెనక వరస గుర్తొచ్చింది. పాట కాగానే లేచి వచ్చేయడం గుర్తొచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

వెర్నా కాగితాలు మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. అవతల రోడ్డు మీద పోస్టు బండి ఆ రోజు ఆలస్యంగా వచ్చి, రెండు డబ్బాల్లోనూ ఏవో వేసి పోయింది. ఇద్దరూ అటు చూశారు.

"లోపల హీటరు ఎక్కువగా ఉంది," అంది వెర్నా తలుపు ఇంకాస్త తీసి. "కోటు విప్పి కూర్చో."