సింకు కింద వంపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మహాసంగ్రామం జరిగింది. ఇనుము ఇనుముతో తలపడింది, జలం కట్టలు తెంచుకుంది, చివరికి ఒక వీరుడు అస్త్రసన్యాసం చేశాడు. పురాణానికి సరిపడా సరుకు. అంత లేదు లెండి. మా తాతయ్య సింకు కింద గొట్టాలు విప్పి మళ్లీ బిగించాడు, అంతే.

అప్పుడు మేము బెజవాడలో ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్లం. వంటింట్లో సింకు ఉండటం డెబ్బైల్లో మాకు పెద్ద హోదా. నానమ్మ పోయాక నాన్న తాతయ్యని కంకిపాడు నుంచి మా దగ్గరికి తెచ్చేసుకున్నాడు. జీవితమంతా పొలానికి నీళ్లు పెట్టిన మనిషికి మేడమీద చేయడానికేముంటుంది? పనికోసం ఇల్లంతా వెతికేవాడు. పదునుగా ఉన్న కత్తిపీటకే మళ్లీ పదును పెట్టేవాడు. మంచాల నవారు ఎంత బిగించేవాడంటే, మేము డప్పుమీద పడుకున్నట్టుండేది.

ఒకరోజు సింకులో నీళ్లు దిగడం మానేశాయి. తాతయ్య మొహం వెలిగిపోయింది. గొట్టాలన్నీ విప్పి, మెతుకులూ జిడ్డూ తీసి శుభ్రంగా కడిగాడు. తిరిగి బిగించేటప్పుడు, మెలి తిరిగిన ముక్క దగ్గర ఆగిపోయాడు. "వంపులో నీరు నిలిస్తే దోమలమ్మాయ్. కాలవన్నాక తిన్నగా పారాలి" అని అమ్మకి చెప్పి, దాన్ని పక్కన పడేసి, తిన్నని గొట్టం తెచ్చి బిగించాడు. నీళ్లు గుడగుడమంటూ దిగిపోయాయి.

సాయంత్రానికి ఊరి మురుగు కంపంతా ఆ గొట్టంలోంచి మా వంటింటికి చుట్టపుచూపుగా వచ్చేసింది. అమ్మ మాత్రం "బాగా పారుతోంది మావయ్యగారూ" అంది. ఆయన అటు వెళ్లగానే సింకు చిల్లులో తడిగుడ్డ కుక్కి, పైన చెంబు బోర్లించింది. "తాతయ్య క్షవరానికెళ్లినప్పుడు మనిషిని పిలిచి ఆ వంపు పెట్టించేద్దాం. నువ్వు నోరు మెదిపావో, చూడు" అని నా చెవిలో చెప్పింది.

ఆయన జుట్టు పెరిగేలోపే ఆదివారం వచ్చింది, భోజనానికి పాస్టరుగారూ వచ్చారు. గిన్నెలు కడిగే హడావుడిలో అమ్మ గుడ్డ తీసి, తిరిగి పెట్టడం మరిచిపోయింది. ప్రార్థనకి కళ్లయితే మూసుకున్నాం గానీ, ముక్కులు మూసుకునే ఆచారం లేదు కదా. ఆమెన్ అనగానే నాన్న నవ్వేశాడు. "మా నాన్న పనితనమండీ! సింకుని పంటకాలవ అనుకున్నాడు. ఆ వంపులో నిలిచే నీళ్లే కంపుని ఆపేది. సరిగ్గా దాన్నే పీకేశాడు."

చెడ్డగా ఏమీ అనలేదు. అందరూ నవ్వారు. "అట్టాగా" అని తాతయ్యా నవ్వాడు. భోజనమయ్యాక మాత్రం సింకు దగ్గరికి పోకుండా, మెట్లు దిగి కింద కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంట్లో దేన్నీ ముట్టుకోలేదు. నవారు వదులైంది, కత్తిపీట మొద్దుబారింది. "నాన్నా, ఈ తలుపు గడియ ఊగుతోంది, కాస్త చూడు" అనేవాడు నాన్న. "నాకేం తెలుసురా, పనోణ్ని పిలు" అనేవాడు తాతయ్య, కుర్చీలోంచి లేవకుండా. ఆ గడియ మేకులు నాన్నే వదులు చేశాడని ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్యకీ తెలుసేమో. అది ఆయన ఉన్నన్నాళ్లూ అలా ఊగుతూనే ఉంది.

నిజం చెప్పింది నాన్న, అబద్ధం చెప్పింది అమ్మ. ఈ వయసులోనూ నేను అమ్మ పక్షమే. మా ఇంట్లో ఎవరు ఏది బాగుచేసినా, ముందు బాగుందంటాను. వాళ్లు బయటికెళ్లాక ప్లంబరుకి ఫోన్ చేస్తాను. ఆదివారాలు మాత్రం అతను ఫోనెత్తడు.