ఎత్తుపళ్ళ నవ్వు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే జహీరాబాద్‌లో మా గల్లీ ఆడపిల్లలందరం తలకు నూనె పెట్టుకుని, అందరికీ పిన్నిలాంటి ఫాతిమా ఖాలా ఇంటి మెట్ల మీద చేరేవాళ్ళం. పై మెట్టు మీద ఖాలా, ఆమె ముందు పెద్దపిల్ల, దాని ముందు ఇంకొకతె... ఎవరి ముందున్నదానికి వాళ్ళు చిక్కు తీసి జడ వేయాలి. అందరికంటే చిన్నది కింది మెట్టు మీద.

మొటిమలు ఎందుకొస్తాయో, పెద్దమనిషయితే ఏం చేయాలో... అన్నీ ఆ మెట్ల మీదే తెలిశాయి. తగాదాలూ అక్కడే. నావి ఎత్తుపళ్ళు. నా వెనక కూర్చునే సరిత, వాటితో కొబ్బరి కోరుకోవచ్చని ఏడిపించేది. నేను తల గట్టిగా విదిల్చేదాన్ని. సగం వేసిన జడ ఊడిపోయేది, పాపం మళ్ళీ మొదటినుంచి అల్లేది!

ఒకరోజు మాత్రం ఏడుపొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఖాలా చూసింది.

"చెయ్యి తియ్యి బిడ్డా. మూస్కుంటే ఇంకా చూస్తరు. జర నవ్వు, వాళ్లే ఊకుంటరు."

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దానికీ నా పళ్ళే వచ్చాయి. బాగా పాడుతుంది. ఒక పాట వీడియో పెడితే, ఎవరో దాని పళ్ళ గురించి రాశారు... ఇంకొందరు కింద నవ్వే బొమ్మలు పెట్టారు. అంతే, పాట మానేసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. బడి వార్షికోత్సవంలో పాడనని టీచరుకు చెప్పి వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. దాని ఫోన్ తీసి బీరువాలో పెట్టాను. అయినా పిల్ల నోటి మీది చెయ్యి తీయలేదు.

మొన్న ఆదివారం మా గడప ముందు కూర్చోబెట్టి, తలకు నూనె రాస్తూ సరిత సంగతి చెప్పాను. అంతా విని మెల్లగా అంది:

"నిన్ను సరిత ఆంటీ అన్నదని నీకు తెల్సు కదమ్మా. నన్ను ఎవరన్నరో నాకు తెల్వనే తెల్వదు."

అదీ నిజమే. కానీ నేను వదిలిపెట్టను. పక్కింటి పిల్లలను కూడా ఆదివారం జడలకు రమ్మన్నాను. అది మళ్ళీ నోరారా పాడేదాకా రోజూ దాని పక్కన కూర్చుంటాను.

మా రోజుల్లో మాట అన్న మనిషి ఎదురుగానే ఉండేది... సాయంత్రానికి మళ్ళీ కలిసి ఆడుకునేవాళ్ళం.

మిమ్మల్ని కూడా ఆ వయసులో ఎవరో ఏదో అనే ఉంటారు. దాన్ని ఎట్లా దాటి వచ్చారో, మీ పేరుతో కింద రాయండి. ఒక్కొక్కటీ నా బిడ్డకు చదివి వినిపిస్తాను.