మద్దెల వాయించినాయన పేరు

ఉప్పలమ్మకు చదువు రాదు. ఒకటో తరగతిలో పది రోజులు కూర్చుంది, పంతులు చేతిలో బెత్తం చూసి లేచొచ్చింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అటువంటి మనిషి ఈ ఎండాకాలమంతా ఒక పుస్తకం కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది.

ఆ పుస్తకం గట్టమ్మ మీద. గట్టమ్మ ఎవరని లింగాల ఘనపూర్ చుట్టుపక్కల అడిగితే నవ్వుతారు. చిందు యక్షగానంలో ఆమె గజ్జె కట్టి అడుగేస్తే, మోకాళ్ళ నొప్పులని మూలిగే ముసలోళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. ఢిల్లీ దాకా పోయి శాలువా కప్పించుకొచ్చింది. రెండేళ్ళ కింద కన్నుమూసింది. ఉప్పలమ్మకు ఆమె ఆడబిడ్డ.

ముప్పై ఏళ్ళు ఆ ఆడబిడ్డ ముఖానికి పసుపు రంగు పూసింది ఉప్పలమ్మే. కిరీటం కట్టింది, భుజకీర్తుల తాళ్ళు బిగించింది. ఒకసారి తొర్రూరు దగ్గర ఆటలో కిరీటం వదులైందని గట్టమ్మ అందరి ముందూ తిట్టింది.

"తలకాయ చిన్నగుంటే కిరీటమేం జేస్తది వదినె!" అని ఉప్పలమ్మ అక్కడికక్కడే తిప్పికొట్టింది. ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒకరు లేకపోతే ఇంకొకరికి పనీ నడిచేది కాదు.

ఉప్పలమ్మ మొగుడు కనకయ్య, గట్టమ్మకు తమ్ముడు, మద్దెల వాయించేవాడు. అక్క అడుగు ఎక్కడ పడబోతుందో ఆమెకంటే ముందు అతని వేళ్ళకు తెలిసేది. ఆట మధ్యలో ఊపొస్తే గట్టమ్మ వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసి, "కొట్టు కనకయ్యా, కొట్టు!" అని అరిచేది. జనం ఆ కేక కోసమే కాచుకుని ఈలలు వేసేవాళ్ళు. తెర వెనక కూర్చున్న ఉప్పలమ్మకు కడుపు మండేది. మొగుడి పేరు ఊరందరి ముందూ ఆడబిడ్డ పిలవొచ్చు, కట్టుకున్నది పిలవరాదు. ఆమెకు అతను "పోరగాండ్ల నాయిన", మనవరాలు పుట్టాక "ఉమ తాత". పన్నెండేళ్ళ కింద అతను పోయాడు. శవం మీద పడి ఏడ్చినప్పుడు కూడా పేరెత్తలేదు.

పుస్తకం రాసేది జనగామ కాలేజీలో పాఠాలు చెప్పే ప్రదీప్ సారు. చలికాలంలో వచ్చి మూడు పూటలు కూర్చుని ఉప్పలమ్మ మాటలన్నీ ఫోన్లో పట్టుకున్నాడు.

"మద్దెల ఎవరు వాయించేది అవ్వా?"

"మా ఇంటాయన."

"పేరు?"

ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు మర్యాదస్తుడు, ముసలామెను ఇబ్బంది పెట్టలేదు. "ఆధార్ కార్డున్నదా? ఫోటో తీసుకుంట" అన్నాడు. తెచ్చిచ్చింది.

ఉమ భూపాలపల్లిలో దవాఖాన నర్సు. సెలవుకొచ్చినప్పుడల్లా ముసలామెది ఒకటే పాట. "పుస్తకమొచ్చెనా? మీ పెద్దవ్వను ఎంతన్న పొగడనీ, ఆడింది, పొగిడించుకుంటది. మీ తాత పేరు పడ్డదా లేదా, గదొక్కటి చూడు."

ఓ ఆదివారం ఉమ ఇంట్లో ఉండగా సారు ఒక పేజీ ఫోన్‌కు పంపాడు. రేపు అచ్చుకు పోతుంది, చూసి చెప్పమన్నాడు. ఉమ గట్టిగా చదివింది: "గట్టమ్మ అడుగుకు ప్రాణం పోసింది ఆమె సోదరుడు ముత్తయ్య మద్దెల."

బియ్యం చెరుగుతున్న చేట ఆగిపోయింది. ముత్తయ్య ఉప్పలమ్మకు బావ, కనకయ్యకు అన్న. వేషాల పెట్టె మోసేవాడు. జన్మలో ఒక్కసారి మద్దెల జోలికి పోయాడు, పీట దొరకక దాని మీద కూర్చున్నాడు. కనకయ్య మూడు రోజులు అన్నతో మాట్లాడలేదు.

"పెద్ద తాత పేరెట్లొచ్చిందే అవ్వా?"

ఉప్పలమ్మ నేల చూస్తూ సంగతి చెప్పింది. ఆధార్ కార్డు తీసినప్పుడు కూడా మొగుడి పేరడిగితే తల పక్కకు తిప్పుకుంది. వరుసలో వెనకున్న వాళ్ళెవరో, వాళ్ళుండేది ముత్తయ్య ఇల్లు కదా అని, ముత్తయ్య అన్నారు. బావ పేరు కూడా నోటితో అనరాదాయె, కాదని ఎట్లా చెప్తుంది? రేషన్ బియ్యం ఎట్లాగూ వస్తున్నాయి కదా అని ఊరుకుంది.

ఉమ సారుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు బిడ్డా," అన్నాడు సారు. "కని కార్డుల ముత్తయ్య అనే ఉన్నది. రేపెవలన్న తప్పంటే నేనేం చూపియ్యాలె? అవ్వనే ఒక్కసారి చెప్పుమను, రికార్డు జేసుకుంట."

ఉమ ఫోన్ ముందుకు చాపింది. ఉప్పలమ్మ వెనక్కి జరిగింది.

"మీ తాత అని చెప్పు."

"ఏ తాతనే? ఇద్దరాయె నాకు!"

"మొగని పేరు తీస్తె ఆయుష్షు తగ్గుతదంటరు."

"తగ్గెతందుకు ఇంకేమున్నదే ఆయనకు?"

"నీ నోరు పాడుగాను! ఎవల పోలికొచ్చిందో."

"నీదే."

"అవ్వా, ఉన్నవా?" అన్నాడు ఫోన్లో సారు.

ఉప్పలమ్మ గొంతు సవరించుకుంది. "క" అంది. ఆగింది. నాలుక నోట్లోనే ముడిపడింది. మళ్ళీ నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. రేపటికి ముత్తయ్యే అచ్చవుతాడు. మనవలు, వాళ్ళ పిల్లలు అదే చదువుతారు.

చేట పక్కన పెట్టి లేచింది. కొంగు నడుముకు చెక్కింది. ఒక చెయ్యి నడుం మీద వేసి, ముప్పై ఏళ్ళు తెర వెనక నుంచి చూసినట్టే, మెడ వెనక్కి తిప్పింది.

"కొట్టు కనకయ్యా, కొట్టు!"

పెంకుల మీది పిట్టలు లేచిపోయాయి. అవతల సారు, "రాసుకున్న అవ్వా. కనకయ్య" అన్నాడు.

గోడ మీదుగా పక్కింటి ఎస్తేరు తల పైకి లేపింది. "ఎవలనక్కా గంతగనం పిలుస్తున్నవు?"

"మా ఆయనను," అంది ఉప్పలమ్మ. "నీకేం పని?"

చేట అందుకుని బియ్యం చెరగసాగింది.