నా తల మీది బంగారం

నా చిన్నప్పుడు నా తలకాయలో ఏముందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో అందరూ ఒకటే మాట చెప్పేవాళ్ళు, నూనె అని. మా నానమ్మ పొద్దున్నే నా నెత్తి మీద ఒంపే నూనెతో గల్లీ దీపాలన్నీ వెలిగించొచ్చు. అదే నెత్తిలో బంగారం కూడా ఉండేదని ఎవరికీ తెలియదు. మోసే నాకూ తెలియదు.

అది నిజాం జమానా. పట్నంలో, హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందు గదే మా తాతయ్య నగల కార్ఖానా. పనివాళ్ళు చాప మీద కూర్చొని ఆకురాయితో రాకుతుంటే బంగారు పొడి సన్నగా రాలేది. దాన్ని రజను అంటరు. ఆ రజను కోసం మా ఇంట్లో చెత్త కూడా పారేసేవాళ్ళు కాదు. ఊడ్చిన దుమ్మును మూటగట్టి, కడిగి, కరిగించి, అందులోంచి బంగారం తీసేవాళ్ళు. పని అయిపోయి పోయేటోళ్ళు గడప దగ్గరి గంగాళంలో చేతులు కడగాలి, ధోతి దులపాలి, తల దువ్వి చూపించాలి. ఆ గడపను ఏ తనిఖీ లేకుండా దాటేది నేనొక్కదాన్నే. లెక్కలోకి రానిదాన్ని కదా.

ఆ పనివాళ్ళలో ఒకాయనను నేను కాకా అని పిలిచేదాన్ని. సాయంత్రం చేతులు కడుక్కునే ముందు ఆయన నా తలను రెండు చేతులతో బాగా నిమిరేవాడు. తర్వాత భుజాల మీద ఎక్కించుకొని వెనక గల్లీలోని వాళ్ళింటికి తీసుకపోయేవాడు. అక్కడ ఆయన భార్య, నేను చిన్నమ్మ అనేదాన్ని, తెల్లగుడ్డ పరిచి నన్ను ముందర కూర్చోబెట్టుకునేది. "ఎన్ని పేన్లే నీకు, అంగడి పెట్టుకున్నయి" అనుకుంట, మెత్తటి పాతగుడ్డతో నా వెంట్రుకలను తుడిచి తుడిచి దువ్వేది. ఆ హాయికి నాకు నిద్రొచ్చేది. ఆ గుడ్డను పొయ్యిలో కాలిస్తే బూడిదలో బంగారం మిగులుతదని నాకేం ఎరుక?

ఒకసారి చిన్నమ్మకు జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం పట్టింది. దువ్వేవాళ్ళు లేరు గాని నిమిరే ఆయన మాత్రం నిమురుతూనే ఉండె. అప్పుడే నానమ్మ వాకిట్లో నాకు కుంకుడుకాయతో తల రుద్దింది. ఎండ పడి, ఇత్తడి తాంబాళంలోకి దిగిన మురికినీళ్ళు మిలమిల మెరిసినయి. నానమ్మ మొదట నా నెత్తిన లక్ష్మి వెలిసిందనుకొని దండం పెట్టుకుంది. తాతయ్య వచ్చి నీళ్ళలో వేలు ముంచి, వెలుతురులో చూసుకున్నడు. ఆ నీళ్ళు పారబోయనియ్యక లోపలికి పట్టుకపోయిండు. కోపంగా అరిచే తాతయ్యంటే నాకు భయం లేదు. అరవని తాతయ్యను అప్పుడే చూసిన.

కార్ఖానాలో గుసగుసలు మొదలైనయి. "మాల్ ఎవరి తాన దొరికితె ఆళ్ళే చోర్. అమీన్ సాబ్ లెక్క గంతే భాయ్" అని ఒక పనాయన ఇంకొకాయనకు చెప్తుండగా విన్న. అమీన్ సాబ్ అంటే మా ఠాణా పెద్ద. మాల్ నా తాన దొరికింది. అంటే చోర్‌ను నేనే. తువ్వాల తలకు చుట్టుకొని బియ్యం కాగుల వెనక దాక్కున్న. తల ఒక్కటే తీసుకపోతరా, తలతోపాటు నన్ను కూడా తీసుకపోతరా అనేది నాకు తేలలేదు. అన్నానికి పిలిచినా పలకలేదు. నానమ్మ గుంజి బయటికి తీసేదాకా పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నయి.

మరునాడు పని ఆపి అందరినీ కూర్చోబెట్టిండ్రు. రోజూ నా తల నిమిరేదెవరో అందరూ చూసినదే. కాకా చేతులు కట్టుకొని నిలబడ్డడు. చిన్నమ్మ కొంగు నోట్లో పెట్టుకొని గడప అవతల కూలబడింది. ఎందుకు చేసినవంటే, "ఆశ పుట్టింది బాపూ" అని మాత్రమే అన్నడు. దాచిన బంగారపు ముద్దను తెచ్చి తాతయ్య ముందర పెట్టిండు. శనగగింజంత. నా తల ఖరీదు అంతే అన్నమాట.

"అమీన్ సాబ్‌ను పిలుస్త. ఇయ్యాల ఊకుంటె రేపు ఒక్కొక్కడు ఒక్కొక్క తలకాయ దేవులాడుకుంటడు" అన్నడు మా నాయన. ఠాణాకు పోతే కాకా మళ్ళీ ఏ కార్ఖానా గడపా ఎక్కలేడని అందరికీ తెలుసు.

తాతయ్య నా దిక్కు చూసిండు. నేను తువ్వాల ఇంకా విప్పలేదు. నన్ను ఎత్తుకొని తన గద్దె మీద కూర్చోబెట్టిండు. "మోసింది ఈ పోరి. మోసపోయింది కూడా ఈ పోరే. ఈమెనే అడుగుదాం. చెప్పు బిడ్డా, ఏం శిక్ష వేద్దాం?"

దొంగ జాగలో వణుకుతున్న నన్ను జడ్జి జాగలో కూర్చోబెడితే భయం పోతదని తాతయ్య అనుకున్నడేమో. భయం పోలేదు, నాతోపాటే గద్దె ఎక్కింది. అందరి కళ్ళూ నా మీదే. కాకా కళ్ళు మాత్రం నేల మీద. తోచింది అనేసిన. "చిన్నమ్మ రోజూ నా తల దువ్వాలె."

ఎవరో కిసుక్కుమన్నరు. "ఇది శిక్షనా?" అన్నడు నాయన. "నువ్వు గడప అవతల ఆమె మొఖం చూడలే" అన్నడు తాతయ్య. కాకా ఇక బంగారం ముట్టద్దు, కొలిమి ఊదాలె, చిన్నమ్మ రోజూ పొద్దున మా అరుగు మీద, గల్లీ అంతా చూస్తుండగా నా తల దువ్వాలె. అదే తీర్పు.

నేను బెల్లం ముక్క అడిగిననుకున్న. మొదటి రోజు చిన్నమ్మ కొంగు మొఖం మీదికి లాక్కొని దువ్వింది. కూరగాయలకొచ్చిన ఆడవాళ్ళు ఆగి మరీ చూసి పోయేవాళ్ళు. నా పాపిట మీద వెచ్చగా చుక్కలు పడ్డయి. రెండో రోజు, మూడో రోజు అంతే. నేను తాతయ్య దగ్గరికి ఉరికి, చిన్నమ్మ ఏడుస్తుంది, వద్దని చెప్పు అన్న. ఆయన కొలిమి దిక్కు చూసుకుంట, "వేసింది నువ్వు. తీసెయ్యాల్సింది కూడా నువ్వే" అన్నడు.

గద్దె మీద వణికినదానికంటే ఎక్కువ వణుకుతూ అరుగు మీదికి పోయి, ఇంక చాలు చిన్నమ్మా అన్న. ఆమె కండ్లు తుడుచుకుంది. "ఇంకొన్ని దినాలు దువ్వనీ బిడ్డా. ఒక్కసారన్న వట్టి చేతులతోటి దువ్విన అనిపించుకోనీ." నేను మళ్ళీ ఆమె ముందర కూర్చున్న. వాళ్ళిద్దరి చేతుల్లో నా మీద ప్రేమ ఎంత, రజను ఎంత అన్నది కడిగి, కరిగించి చూసే విద్య మా ఇంట్లో ఎవరికీ రాదు.

పెద్దయ్యాక పంతులమ్మనైన. తప్పు చేసిన పిల్లను ముందర నిలబెట్టుకున్నప్పుడల్లా మళ్ళీ ఆ గద్దె మీద కూర్చున్నట్టే ఉండేది. గోడ దిక్కు నిలబడమని చెప్పి, ఆ పిల్ల మొఖం చూడటానికి నేను కూడా గోడ దిక్కే పోయేదాన్ని. మా టీచరు మస్తు మెత్తన అని చెప్పుకునేవాళ్ళట. మెత్తన కాదు, పిరికిదాన్ని. తాతయ్య గద్దె మీద పట్టుకున్న భయం అది. ఇప్పటికీ ఇంట్లో పనిమనిషి గిన్నె పగలగొడితే ముందుగా వణికేది నేనే.